పొగ బండి, చెట్టు కప్ప, మా ఓనరమ్మ

ఈ సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ నుంచి బయటికి రాగానే, దోమల పొగ బండి మా అశోక్ నగర్ సందు వైపు తిరగడం చూశాను. గదిలో తెరిచిన కిటికీ పక్కనే, గాజు పెట్టెలో, నేను పెంచుకుంటున్న చెట్టు కప్ప ఉంది. గాలిలో ఏ మందున్నా దాని చర్మం పీల్చేసుకుంటుంది.

పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి సందంతా తెల్లటి పొగ. గదిలో పెట్టె లేదు! ఆ కప్పను బయట పారేస్తానని రోజూ బెదిరించే మా ఇంటి ఓనరమ్మ తలుపు బాదాను.

"అమ్మా, నా కప్ప ఏది?"

"జర ఆగరాదు, తలుపు ఇరగ్గొడ్తవా ఏంది? పొగ దానికి పడదని నువ్వే చెప్తివి గద. నా దగ్గరున్న తాళంచెవితోని తీసి, దేవుని అర్రల పెట్టిన. అండ్ల కిటికీ లేదు."

పూజగదిలోకి వెళ్లి చూస్తే, తడిగుడ్డ కప్పిన పెట్టెలో అది నిక్షేపంగా ఉంది. పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

కోడిగుడ్డు తిన్న రోజు నన్ను ఆవిడ గడప కూడా తొక్కనివ్వరు. రోజూ బొద్దింకలు మింగే కప్ప మాత్రం ఏకంగా దేవుడి పక్కన కూర్చుంది. ఈ ఇంట్లో ఎవరి పలుకుబడి ఎక్కువో ఇక మీరే చెప్పండి.