పినాంగుకు పోయిన దర్వాజ

వరంగల్ నుంచి మద్రాసు రేవుకు సరుకు తోలాలనుకునే బజారువాళ్లు ఎవరైనా ఉంటే, ముందు ఇది చదివి ఆ తర్వాత టిక్కెట్టు కొనండి. నాకు ఇట్లా ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే రెండు రోజుల్లో అయ్యే ప్రయాణానికి ఒక జన్మంత చెమట కార్చాను.

మాది స్టేషన్ రోడ్డులో కట్టెల దుకాణం. ఉప్పు, చింతపండు అమ్మే ఇంట్లో పుట్టినవాణ్ణి, దేవుడికి మొక్కుకున్నా కొబ్బరికాయ దగ్గర బేరమాడతాను. అలాంటి నన్ను నోరెత్తకుండా చేయగలిగిన మనిషి హనుమకొండలో ఒక్కరే ఉన్నారు, మార్తమ్మక్క. మిషన్ దవాఖానలో ఏళ్ల తరబడి నర్సుగా చేసి పని మానుకుంది. మా పిల్లలిద్దరికీ బొడ్డు కోసింది ఆమే. ఆ చేతులకు ధర చెప్పడం నావల్ల కాదు.

ఆమె తమ్ముడు పడుచుతనంలోనే రబ్బరు తోటల పనికి పోయి మలయా దేశం పినాంగులో స్థిరపడ్డాడు. ఇప్పుడు సొంత ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేపి, దర్వాజ చోటు ఖాళీగా వదిలిపెట్టి, అక్కను తన దగ్గరికే వచ్చి ఉండమని, వచ్చేటప్పుడు మన దిక్కు దర్వాజ ఒకటి వెంట తెమ్మని కబురు పెట్టాడు. మంచి టేకుతో నేనే చేయించాను. పై అడ్డకట్టెకు తామరపూలు చెక్కించాను. ఓడ దాకా చేర్చే పూచీ కూడా నాదే అన్నాను. అడిగినవాళ్లు లేరు, నోరే జారింది.

మా దిక్కున దర్వాజను ఒక్కసారే నిలబెడతారు, అదీ ఇంటి జాగాలో, ఇంటివాళ్ల ముందర. ఒకచోట నిలబెట్టి విప్పితే కాపురం విప్పినట్టే అంటారు. మేము పసుపు కుంకుమలతో, మార్తమ్మక్క వాళ్లు ప్రార్థనతో నిలబెడతారు గాని పట్టింపు మాత్రం అందరిదీ ఒకటే. అందుకని వడ్రంగి చీలలు కొట్టలేదు. గడప, రెండు నిలువు కట్టెలు, పై అడ్డకట్టె, రెండు తలుపులు దేనికది గోనెపట్టాలో చుట్టి ఇచ్చాడు. దానికి నా తెలివి కొంచెం జోడించాను. మా దుకాణానికి వచ్చే గిరాకి దర్వాజ ఎంత అని అడగడు, ఏం కట్టె అని అడుగుతాడు. అందుకే ప్రతి మూట మీదా ఇంగ్లీషులో బొద్దు అక్షరాలతో ‘మొదటి రకం టేకు కట్టె’ అని రాయించాను. బిల్లులోనూ అదే. దర్వాజ అనే మాట ఎక్కడా లేదు. కళ్లున్నవాడికి తెలియదా అనుకున్నాను.

సాయంత్రం మద్రాసు బండి ఎక్కాం. మూటలు బ్రేకువ్యానులో వేసిన కూలీలతో గీసి గీసి బేరమాడి పావలా మిగిల్చాను. ఆ సంబరంలో కొత్త తువ్వాల ప్లాట్‌ఫారం మీదే మరిచాను. మూడో తరగతిలో కిటికీ పక్క చోటు మార్తమ్మక్కకు దొరికింది. ఎదుట ఖమ్మం దాకా పోయే మిర్చి వ్యాపారి కూర్చున్నాడు. మా సంగతి విని అతనికి నవ్వాగలేదు.

“దర్వాజ మోసుకపోతాన్రా? ఆ దేశంల చెట్లు లేవా అక్కా?”

“చెట్లుంటయి బిడ్డా. మావోడు చిన్నప్పుడు దాటిన అసోంటి గడప కావాల్నంటాండు.”

అతను నవ్వు ఆపి, మూటలు వాన తగలని చోట వేయించామా అని అడిగాడు. దిగేముందు మాకు చెరో జామపండు ఇచ్చిపోయాడు.

బెజవాడలో పెరుగన్నం పొట్లాలు కొనుక్కోండి, ఆవకాయ ముక్క అడిగితేనే పెడతారు. తెల్లవారాక మద్రాసు సెంట్రల్‌లో దిగాం. రిక్షా అతను చెప్పిన దాంట్లో సగం ఇస్తానని అరవకండి. ఊరికే నడుస్తూ పోతే అతనే వెనక వచ్చి సగానికి దిగుతాడు. స్టేషనుకు దగ్గరలోనే సత్రం దొరికింది. స్నానం చేసి, ఇడ్లీ తిని, మూటలను బండి మీద వేయించుకుని రేవుకు పోయాం. ఓడ మర్నాడు సాయంత్రం. ఏజెంటును పెట్టుకోమని దారిలో ముగ్గురు చెప్పారు. నాకంటే బాగా మాట్లాడే ఏజెంటు ఎక్కడుంటాడని ముగ్గురినీ దాటిపోయాను.

కస్టమ్స్ షెడ్డులో మా సరుకు చూడవచ్చిన అధికారి నడివయసు మనిషి. ఇంట్లో తెలుగే మాట్లాడతారట. మూటల మీది రాత చదివాడు, బిల్లు చదివాడు, పట్టాలు విప్పించాడు. నేల మీద పరిచిన గడప మీద బూటు మోపి నిలబడి, కట్టెకు వేరే అనుమతి తెచ్చారా అని అడిగాడు. ఆ బూటు చూసి మార్తమ్మక్క కళ్లు మూసుకుంది.

ఇది కట్టె కాదు, దర్వాజ అన్నాను.

“బిల్లు రాసింది మీరే కదండీ?”

ఆయన విసుక్కోకుండా విడమరిచి చెప్పాడు. వాళ్ల పుస్తకంలో కోసిన కట్టె ఒకచోట ఉంటుందట, దాన్ని దేశం దాటించాలంటే అనుమతి కావాలట. బల్లలు, కుర్చీలు ఇంకొకచోట. ఇంటికి బిగించే తలుపులు, ద్వారబంధాలు మరొకచోట, వాటికి ఆ అనుమతి అక్కర్లేదట. పక్కనున్న గుమాస్తా తామరపూలు చూసి, ఇంత పనితనం ఉంది గనుక బల్లల కింద వేద్దామా అన్నాడు. కుర్చీని ఇంట్లో ఎటైనా జరుపుకుంటాం, దీన్ని గోడలో కడతాం, కాబట్టి కాదన్నాడు అధికారి. నా ప్రాణం లేచివచ్చింది. వెంటనే ఆయనే అన్నాడు: “కడితేనే కదా తెలిసేది. నిలబెట్టి చూపించండి, ద్వారబంధమని రాస్తాను. లేకపోతే కట్టె.”

మార్తమ్మక్క నా చొక్కా పట్టి పక్కకు లాగింది.

“వద్దు తమ్మీ. ఈడ నిలబెట్టి ఇప్పినంక, ఆడ మావోడు నిలబెట్టేదేంది? ఇడ్సిపెట్టి పోత గని ఆ పని చెయ్య.”

అనుమతి తేవాలంటే ఓడ వెళ్లిపోతుంది. దర్వాజ లేకుండా పోతే ఆ ఇంటి గోడలో ఖాళీ అట్లాగే ఉంటుంది. ఇక నాకు వచ్చిన విద్య ఒక్కటే మిగిలింది. నేల మీద వరుసగా పేర్చి చూపిస్తానన్నాను. అట్లా పేరిస్తే నిచ్చెన కూడా అట్లాగే ఉంటుందన్నాడు. బొమ్మ గీసి చూపిస్తానన్నాను. అయితే బొమ్మనే ఓడ ఎక్కించండన్నాడు. చీలలు కొట్టకుండా మనుషుల చేత పట్టించి చూపిస్తే సరేనా అన్నాను. ఎట్లా నిలిచినా నిలిస్తే చాలన్నాడు.

సర్కారుతో బేరం కుదిరింది. అక్కతో బేరం దానికంటే కష్టం.

“అక్కా, ఇది నిలబెట్టుడు గాదు, పట్టుకునుడు. పుట్టిన పిల్లను తూకమేసి మల్ల తల్లి ఒళ్లె పెడ్తవు సూడు, గట్లనే.”

ఆమె తామరపూలను చేత్తో తడిమింది. ఎన్ని వందలమంది పిల్లలను తూచిందో ఆ చేతులకే తెలియాలి.

“చీల ఒక్కటి కొట్టినా నేను ఓడ ఎక్క” అంది చివరికి.

నలుగురు రేవు కూలీలను పిలిచాను. ఈసారి కూలి దగ్గర బేరమాడలేదు, కావాలంటే అక్కను అడగండి. గడప నేల మీద సర్ది, గాట్లలో నిలువు కట్టెలు దించి, పైన అడ్డకట్టె పెట్టి, తలుపులు చెరో పక్క పట్టుకున్నారు. ఎటు చూసినా బస్తాలున్న ఆ షెడ్డు నడుమ, గోడ లేని చోట, మా దర్వాజ నిలిచింది. దాని గుండా సముద్రం కనబడింది.

అధికారి అవతలి వైపు నుంచి చూడాలనుకున్నాడు. పక్క నుంచి పోవడానికి బోలెడు చోటుంది. అయినా దర్వాజలోంచే పోయాడు. తల వంచి, కాలెత్తి గడప దాటాడు. వెనక గుమాస్తా కూడా అంతే. ఆ వెనక నెత్తిన బస్తాతో పోతున్న మనిషి, ఆ బరువుతోనే, కాలు పైకెత్తి దాటాడు.

“సార్, ఇందాక దీనిమీదే బూటు పెట్టి నిలబడ్డారు. ఇప్పుడు ఎవరు చెబితే కాలెత్తారు? కట్టె అయితే తొక్కుకుంటూ పోయేవారు గదా” అన్నాను.

ఆయన గడప వంక చూశాడు, తన బూటు వంక చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. ముందు గుమాస్తా, తర్వాత నలుగురు కూలీలు అందుకున్నారు. తలుపులు ఊగుతుంటే మార్తమ్మక్క గట్టిగా పట్టుకోండని కసిరింది, తర్వాత తానూ నవ్వింది.

చెక్క తలుపులు, ద్వారబంధం అని ఆయన తన చేత్తో రాశాడు. నల్లరంగు డబ్బా తెప్పించి మూటల మీది ‘మొదటి రకం టేకు కట్టె’ నా చేతనే చెరిపించాడు. ప్రాణం ఉసూరుమన్నా చెరిపాను. అక్క కొంగుతో గడప తుడిచి, పెదాలు కదుపుతూ ఏదో ప్రార్థించి, మళ్లీ పట్టాలో తానే చుట్టింది.

మర్నాడు సాయంత్రం మూటలు క్రేనుకు వేలాడుతూ ఓడలోకి దిగేదాకా ఆమె మెట్లెక్కలేదు. ఎక్కేముందు నా భుజం తట్టింది.

“నీ బేరం ఇయ్యాల పనికొచ్చింది తమ్మీ. ఫికర్ చెయ్యకు, ఈ ముచ్చట పినాంగుల గూడ చెప్త.”

తిరుగు బండిలో కాళ్లు చాపుకుని ఒంటరిగా కూర్చున్నాను. డోర్నకల్‌లో ఎక్కిన బడిపంతులు ఒకాయన, మడికొండ అతను, ఏం వ్యాపారమని అడిగాడు. దుకాణం పెట్టిన నాటి నుంచి కట్టెల వ్యాపారమనే చెబుతూ వచ్చాను. ఆ రోజు మొదటిసారి దర్వాజలు చేయిస్తానన్నాను. ఆయన ఇల్లు కట్టుకుంటున్నాడట, ఒకటి కావాలన్నాడు. నేను ఉత్సాహంగా సముద్రం, షెడ్డు, బస్తా మోస్తూ కాలెత్తిన మనిషి అన్నీ చెప్పుకుంటూ పోయాను. ఆయన మధ్యమధ్యలో తలూపుతూ, ఒక్కో తలూపుకు ధర కొంత తగ్గించాడు. ఎంతకు ఒప్పుకున్నానో వరంగల్‌లో దిగాక గాని చూసుకోలేదు, మా నాన్న బతికి ఉంటే ఆ ధరకు నన్ను దుకాణంలో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఇంటిదాకా నవ్వుకుంటూనే నడిచాను.