అట్టల్లో అంటుకుపోయిన మనిషి

మా రికార్డు ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల బిల్లులో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ దబ్బనమక్క. ఫైళ్లు కుట్టడం ఆవిడ పని. కాగితాలు వరుసలో పెట్టి, అట్ట వేసి, దబ్బనంతో మూడు చోట్ల పొడిచి దారం బిగించిందంటే, ఆ ముడి విప్పడానికి మళ్లీ ఆవిడే రావాలి. అంత పనిమంతురాలికి పిరికితనం మాత్రం చెప్పనలవి కాదు. సూపరింటెండెంటు గదిలో దగ్గితే ఇక్కడ లేచి నిలబడేది. పక్క టేబుల్ దగ్గర టైపు కొట్టుకునే నేను, "ఆయనకి జలుబైతే నీకెందుకక్కా జ్వరం?" అని ఏడిపించేదాన్ని.

రిటైర్మెంటు ఇంకా ఏడు నెలలుందనగా ఒక ఉత్తరం వచ్చింది. నలభై ఏళ్ల కిందట మా ఊరి సైనిక శిక్షణ కేంద్రానికి వేరే దేశపు సిపాయిలు వచ్చి తర్ఫీదు పొందేవారు. వాళ్లలో ఒకాయన ఇప్పుడు ముసలివాడై మరో దేశంలో తలదాచుకుంటున్నాడు. ఒకప్పుడు తన సొంత దేశంలో ఓ ఊరి జనాన్ని చంపిన గుంపులో ఆయనా ఉన్నాడని ఇప్పుడు ఉంటున్న దేశపు వలసల శాఖవాళ్లు అంటున్నారు. ఆ చంపడాలు జరిగిన మూడు నెలలూ నేను మీ దగ్గర శిక్షణలోనే ఉన్నానంటాడు ఆయన. ఆ కేంద్రం పాత కాగితాలన్నీ దాచేది మేమే కాబట్టి రుజువు మా బీరువాల్లో ఉండాలి. శుక్రవారం విచారణ. కాగితం చూపించకపోతే వెనక్కి పంపేస్తారు. అక్కడ ఇప్పుడు ఆయన శత్రువులదే రాజ్యం, విమానం దిగిన రోజే నాన్నని చంపేస్తారు అని ఆయన కూతురు రాసింది.

నేను పైకి చదువుతుంటే దబ్బనమక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. లంచ్ టైములో నన్ను ఆడవాళ్ల గదిలోకి లాక్కెళ్లి గడియ పెట్టి చెప్పింది.

ఇరవై ఆరేళ్ల కిందట ఒక ఏడాది ఆఫీసుకి అట్టల సరఫరా ఆగిపోయిందట. ఫైళ్లు కుట్టడం ఆగడానికి లేదు. పారేయాల్సిన పాత కాగితాలను మైదా జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి, ఎండబెట్టి, ఈవిడే అట్టలు చేసింది. పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా. తీరా చూసుకుంటే అందులో ఒక కట్ట పారేయాల్సింది కాదు, ఎప్పటికీ దాచాల్సింది. విదేశీ సిపాయిల శిక్షణ పత్రాలు. పక్క అరలోంచి పొరపాటున లాగింది. అప్పటికే అట్టలు ఎండిపోయాయి, ఫైళ్లు కుట్టడం కూడా అయిపోయింది.

"ఇవాళ అడుగుతారు, ఇవాళ అడుగుతారు అని రోజూ చూశానే," అంది. "ఎవరూ అడగలేదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనిషి, ఇన్నేళ్లూ ఈ సంగతి కడుపులో ఎలా దాచుకుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. సూపరింటెండెంటు దగ్గుకి ఆవిడ ఎందుకు లేచేదో అప్పుడు తెలిసింది. ఏడిపించినందుకు సిగ్గేసింది.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? కాగితం దొరకలేదని రెండు ముక్కలు టైపు కొట్టి పడేస్తానన్నాను. ఏడు నెలలు నోరు మూసుకుంటే పెన్షన్ వస్తుంది, ఇంత బతుకూ బతికి ఇంటి వెనకాల చావడం దేనికన్నాను. ఆవిడ, కూతురు రాసిన ముక్క మళ్లీ చదవమంది. చదివాను. ఇక ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడాది కుట్టినవి తొంభై ఫైళ్లు. సోమవారం ఆడవాళ్ల గదిలోనే గడియ పెట్టుకుని మొదలుపెట్టాం. సర్కారు ఫైళ్ల అట్టలు చింపడం నేరం. పాత తప్పుని వెతకడానికి కొత్త తప్పు చేస్తున్నామని ఇద్దరికీ తెలుసు. మొదటి అట్టను తడిగుడ్డలో చుట్టాం. కాసేపటికి పొరలు ఊడాయి గానీ సిరా మొత్తం కరిగిపోయి నీలం మరక మిగిలింది. ఎవరి పేరో, ఎవరి తేదీలో మా చేతుల్లోనే నీళ్లయిపోయాయి. అది ఆయనదే అయితే? ఆ తర్వాత నీళ్ల జోలికి పోలేదు. టీ కెటిల్ ఆవిరి మీద పట్టి, దబ్బనం మొనతో ఒక్కో పొరా లేపాం. ఎవరు తలుపు తట్టినా నేను కడుపునొప్పి అని కేకేసేదాన్ని. బుధవారానికి నాకు ఆపరేషన్ ఖాయమని ఆఫీసంతా తేల్చేసింది.

గురువారం లంచ్ టైములో, యాభై మూడో అట్టలో దొరికాడు. ఫొటోలో సగమే మిగిలింది, ఒక కన్నూ ఒక చెవీ. నంబరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, కింద సంతకం. ఆ మూడు నెలలూ ఆ తేదీల మధ్యనే ఉన్నాయి. ఇద్దరం ఏడ్చాం.

"బీరువా వెనకాల దొరికిందని చెబుదాం అక్కా."

"ఈ జిగురు మరకలు చూసి దొంగ కాగితం అంటారు. ఇలా ఎందుకైందో నేను చెప్పకపోతే దీన్ని ఎవరు నమ్ముతారే?"

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అలాగే సూపరింటెండెంటు గదిలోకి నడిచింది. వెనకే నేను. ఆయన అంతా విని, ఇది బయటపెడితే మిమ్మల్ని నేను కాపాడలేనమ్మా అన్నాడు. తెలుసండి అంది.

శుక్రవారం ఆయన గదిలోనే కంప్యూటర్ తెర మీద విచారణ. అటువైపు జడ్జి, దుబాసీ, బక్కచిక్కిన ముసలాయన, పక్కన కూతురు. అక్కని కాగితం చదవమన్నారు. నంబరు ఒక్కో అంకే చదివింది. దుబాసీ ఇంకా నోరు తెరవనే లేదు, ముసలాయన కుర్చీలోంచి లేచి, కాళ్లు దగ్గరకి చేర్చి, నిటారుగా నిలబడ్డాడు. శిక్షణ రోజుల్లో హాజరు పిలిచేటప్పుడు ఆ అంకెలు మన మాటల్లో ఆయన రోజూ విన్నవే కదా. కూతురు చెయ్యి పట్టి లాగినా కూర్చోలేదు.

రికార్డుకి ఈ గతి పట్టించింది ఎవరని జడ్జి అడిగాడు.

"నేనేనండి," అంది అక్క. "చూసుకోకుండా అంటించేశాను. తప్పు నాది. ఆయన మాత్రం ఇక్కడే ఉన్నారు."

మధ్యాహ్నానికి తీర్పు తెలిసింది. కాగితాన్ని ఒప్పుకున్నారు, ఆయన్ని వెనక్కి పంపడం లేదు.

సోమవారం దబ్బనమక్క మీద అభియోగ పత్రం తయారైంది. టైపు కొట్టాల్సింది నేనే. పెన్షన్ ఎంత కోస్తారో, అసలు ఇస్తారో లేదో ఎవరికీ తెలియదు. నా వేళ్లు ఆడలేదు. అక్క వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. భయంతో బిగుసుకుపోయి ఉంది.

"తేదీలు సరిగ్గా కొట్టు," అంది. "కార్బన్ పెట్టు. ఒక కాపీ దాచాలి, అట్ట నేను వేస్తాను."