తాడు వదలని చెయ్యి

మా ఆయనకు గాలం కర్ర కొనడానికి చెన్నై వెళ్ళింది నేను. ఆయన రానన్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి సముద్రంలో ఉన్నవాడు కొట్లో నిలబడి గాలం బేరమాడితే పరువు పోతుందట. పగలంతా గోడవైపు తిరిగి పడుకుంటే మాత్రం పోదు కాబోలు!

అంతకుముందు ఏడాది అలివి వల లాగుతుంటే ఆయన కుడి భుజం దెబ్బతింది. ఒడ్డున రెండు వరసలుగా నిలబడి తాళ్ళతో లాగే పెద్ద వల అది. మధ్యలో తాడు వదిలినవాడికి ఆ రోజు చేపల్లో వాటా లేదని మా పల్లె కట్టుబాటు. పెద్ద అల వల్ల వల వెనక్కి గుంజితే పక్కవాళ్ళు వదిలేశారు. ఈయన వదల్లేదు. వాటా దక్కింది, భుజం పోయింది. డాక్టరు ఇక వల ముట్టుకోవద్దన్నాడు. అప్పటినుంచీ మా ఇంట్లో చావింటి నిశ్శబ్దమే.

ఒకరోజు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పట్నంవాళ్ళెవరో పాపర్ విసురుతుంటే చూసొచ్చాడు. పాపరంటే నోరు గుంటగా ఉండే చేప బొమ్మ. కుదుపుతూ లాగితే బుడుంగుమని నీళ్ళు చిమ్ముతుంది. పెద్ద పార చేప దాన్ని ఎర అనుకుని వచ్చి కొడుతుంది.

"ఇది నేను చెయ్యగలను మే" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆయన గొంతులో ప్రాణం వినపడింది. అందుకే బస్సెక్కాను.

కొట్టాయన మొదట చూపించిన కర్ర రోకలిబండే. పెద్ద పారకు అదే కావాలన్నాడు. ఆ బరువు పొద్దంతా విసిరితే ఉన్న భుజం కూడా ఉండదు. మరీ తేలికదైతే చేప విరిచేస్తుంది. ఒక్కోటీ ఊపి చూసి, కొన వంగుతూ మొదలు గట్టిగా ఉన్న మధ్యరకం తీసుకున్నాను. పెద్ద పాపర్ వద్దన్నాను. అది నీళ్ళను ఎంత చిమ్మితే చేతిని అంత గుంజుతుంది. దారం మాత్రం అన్నిటికంటే గట్టిది అడిగాను. అది తెగితే మా ఆయన మళ్ళీ లేవడని నా భయం.

రీలు చేతికిస్తూ కొట్టాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "ఈ బ్రేకు కొంచెం లూజుగానే ఉండాలమ్మా. చేప పరిగెత్తితే దారం పోనివ్వాలి. అప్పుడే అది అలిసిపోతుంది."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. "చేతికి చిక్కినదాన్ని వదలడమేంది?" అని నవ్వాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. ఎలాగోలా నవ్వాడు కదా అని నేనూ ఊరుకున్నాను. కొత్త వలకు పెట్టినట్టే రీలుకు పసుపు కుంకుమ పెట్టాను.

మర్నాడు పొద్దున్నే మొగ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. చేప పడితే అక్కడే శుభ్రం చేద్దామని కత్తి కూడా తీసుకెళ్ళాను. ఎండ ఎక్కుతుండగా పాపర్ చుట్టూ నీళ్ళు ఒక్కసారిగా లేచాయి. కర్ర వంగిపోయింది. దారం పోయే చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు. బ్రేకు కదలకుండా బిగించేశాడు.

చేప ఆయన్ని నడుములోతుకు లాక్కుపోయింది. అక్కడినుంచి ఏటి నీరు సముద్రంలోకి దూకుతోంది. భుజం నొప్పికి పళ్ళు బిగించాడు.

"వదులయ్యా! బ్రేకన్నా వదులు!"

"నేను వదల్ను మే!"

దారం తెగదు. అంత గట్టిది కొన్నది నేనే. నీళ్ళలోకి పరిగెత్తి కత్తితో కోసేశాను.

ఆయన వెనక్కి పడ్డాడు. లేచి ఒడ్డున కూర్చుని చాలాసేపు మొగవైపే చూశాడు.

"నా వాటా కోసేసినావు గదే" అన్నాడు.

మళ్ళీ అలాగే జరిగితే మళ్ళీ కోస్తాను. అయినా ఆ మాట గుర్తొస్తే నాకు ఏడుపొస్తుంది. కర్ర ఇంటి కప్పులో దోపి ఉంది. దాన్ని ఎవరూ దించలేదు.

ఆ కుడిచేత్తోనే ఈనాటికీ అన్నం కలుపుకుంటాడు. నేను వడ్డిస్తున్నంతసేపూ తల ఎత్తడు.