నీళ్ళ విజిలు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న అమలాపురంలో నా ఎలక్ట్రికల్ షాపు షట్టరు ఎత్తుతుండగా ఫోను మోగింది. చేసినవాడు మా పాత ఫుట్‌బాల్ జట్టు సెంటర్ ఫార్వర్డు, ఇప్పుడు రాజోలులో ఆటో నడుపుతున్నాడు. "మాస్టారు వెళ్ళిపోయేర్రా," అన్నాడు. నేనడిగిన మొదటి మాట, "నీళ్ళు అడిగేరా?" ఎందుకడిగానో వాడికి తెలుసు. "అడిగేరంట. అత్తయ్యగారు చెంచాతో పోసేరంట. ఒక్క చెంచా దిగిందంట," అన్నాడు. మాస్టారి భార్యని మేమంతా అత్తయ్యగారనే పిలుస్తాం.

చావు కబురు చెప్పినవాణ్ణి ఇలాంటి ప్రశ్న అడగడం మీకు వింతగా ఉండొచ్చు. ఆయనకూ మాకూ మధ్య ఈ నీళ్ళ గొడవ ఏమిటో చెబితే గానీ అర్థం కాదు. అందులో నేను ఏళ్ళ తరబడి దాచుకున్న సంగతి కూడా ఒకటుంది. అదీ చెబుతాను.

మా ఊరు రాజోలు నుంచి కాలవ గట్టు వెంట కొంత దూరం లోపలికి ఉంటుంది. మా వైపు ఏ ఊరికి వెళ్ళినా రెండు కొబ్బరి చెట్ల మధ్య వల కట్టి వాలీబాల్ ఆడుతుంటారు. ఫుట్‌బాల్ అంటే టీవీలో చూసేదే. మాస్టారు హైస్కూలుకి బదిలీ మీద వచ్చిన కొత్తలో ఊరి చివర దిబ్బ మీద నాలుగు తాటి దుంగలు పాతించి, పైన వెదుళ్ళు కట్టించి, ఇవి గోల్‌పోస్టులన్నారు. ఊరంతా నవ్వుకుంది. పందిరి వేసి మాస్టారికి మళ్ళీ పెళ్ళి చేస్తున్నారా అని కూడా అన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి మాకు క్లబ్బు ఉంది, పసుపు బనియన్లు ఉన్నాయి, కొత్తపేట వాళ్ళతో పాత పగలు కూడా ఉన్నాయి. చదువు అయిపోయి పనుల్లో పడ్డాక కూడా సాయంత్రానికి దిబ్బ మీదికి చేరేవాళ్ళం. నేను గోలీని, అంటే గోల్‌కీపర్ని. అంత పొడుగు ఉన్నవాడు పరుగెత్తడం దండగ అని మాస్టారే తేల్చేశారు.

ఆయనకొక అలవాటుండేది. మామూలుగా మమ్మల్ని ఒరేయ్ అనేవారు, కోపం వస్తే మాత్రం గారు అనేవారు. మా వైపు మర్యాద మాటలకి కొదవ లేదు గానీ, ఆయన నోట మర్యాద వినపడిందంటే మాకు ముచ్చెమటలు పోసేవి. "ఏవండీ గోలీ గారూ, బంతి వచ్చినప్పుడు తమరు నిద్రలో ఉన్నారాండీ?" అని అడిగేవారు. ఒరేయ్ అన్న పిలుపు మళ్ళీ వినపడేదాకా అన్నం సయించేది కాదు.

ఆయన పెట్టిన నియమాలు రెండు. ఆట మధ్యలో నీళ్ళు తాగకూడదన్నది మొదటిది. కాకినాడలో చదువుకునే రోజుల్లో ఆయనకు ఆట నేర్పినాయన అలాగే నేర్పాడట. "కడుపులో నీళ్ళు గుడగుడలాడితే కాలు లేవదురా. పుక్కిలించు, ఉమ్మెయ్," అనేవారు. హాఫ్‌టైములో చెంబు మా చేతికిచ్చి ఎదురుగా నిలబడి మా గొంతుల వంక చూసేవారు. గొంతులో ముడి కదిలిందా, "దాహం తీరిందాండీ?" అన్న మాట పడేది. రెండోది, ఒకసారి మైదానం బయటికి వచ్చినవాడు మళ్ళీ లోపలికి వెళ్ళడు. అది ఆటలో ఉన్న నియమమే. ఆయన మాత్రం దాన్ని మనిషి పరువుకి సంబంధించిన విషయంలా చెప్పేవారు. అందుకే మడమ బెణికినా, గోరు ఊడినా ఎవడూ చెయ్యెత్తేవాడు కాదు.

అలా ఆడుతున్న రోజుల్లోనే ఒక ఏడు గోదావరి పొంగి లంకలన్నీ మునిగాయి. మా కాలవ కూడా గట్టు దాటింది. మంచినీళ్ళ చెరువులోకి వరద నీరు చేరింది. నీళ్ళు తీశాక ఊరంతా బురద, కుళ్ళిన చేల వాసన. వారం తిరక్కుండానే రేవు వీధిలో కలరా మొదలైంది. మొదటి రోజు ఇద్దరు పోయారు, రెండోరోజు చంటిపిల్ల పోయింది. ఊళ్ళో మెరక నేల అంటూ మిగిలింది మా ఆట దిబ్బ ఒక్కటే. రాజోలు నుంచి వచ్చిన డాక్టరుగారు రోగుల్ని ఎక్కడ పడుకోబెట్టాలని అడిగితే మాస్టారు ఆయన్ని తిన్నగా అక్కడికే తీసుకెళ్ళారు.

తాటాకులతో పాకలు మేం వేశాం. సెలైన్ సీసాలు వేలాడదీయడానికి స్టాండ్లు లేకపోతే నా గోల్‌పోస్టు వెదురుకి కొబ్బరి తాళ్ళతో కట్టాం. నేను నిలబడే చోట చాపల మీద వరసగా మనుషులు పడుకున్నారు. పక్కనే పెళ్ళిళ్ళ వంటవాళ్ళ గుండిగలు తెచ్చి, కొబ్బరి డొక్కలతో పొయ్యి రాజేసి నీళ్ళు కాచేవాళ్ళం. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, పంచదార కలపడం నా పని. గోలీ గోలు వదిలి వెళ్ళకూడదని నన్నక్కడే ఉంచారు.

మిగతావాళ్ళకి ఆయన వీధులు పంచారు. ఎడమ వైపు ఆడేవాళ్ళకి కాలవ గట్టు, కుడి వైపు వాళ్ళకి రేవు వీధి, బ్యాకులకి పేటలు. ఎవరి ఇళ్ళు వాళ్ళవి. ఇంటింటికీ తిరిగి నీళ్ళు తాగించాలి, తాగనన్నవాళ్ళ చేత కూడా తాగించాలి, లేవలేనివాళ్ళని మంచం మీద దిబ్బకి మోసుకురావాలి. తలుపు తీస్తారని పసుపు బనియన్లు వేసుకుని వెళ్ళమన్నారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, "ఇవాళ్టి నుంచి మ్యాచి మొదలైందనుకోండిరా. అయిపోయిందని విజిలు నేను వేస్తాను. అప్పటిదాకా ఎవడూ వాడి చోటు వదలకూడదు," అన్నారు. మాలో భయం పోగొట్టడానికి అన్న మాట అది. నిజంగానే పోయింది. ఒక్కడు కూడా ఊరు వదిలి వెళ్ళలేదు.

జనానికి నీళ్ళు పట్టించడం అన్నిటికంటే కష్టమైంది. విరేచనాలు అవుతున్నవాళ్ళకి నీళ్ళు పోస్తే ఇంకా పోతాయని మా పెద్దవాళ్ళ నమ్మకం. పెదవులు తడిపి ఊరుకునేవారు. ఒక ముసలమ్మ మనవడి నోటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి మాస్టారిని నిలదీయడం నేను విన్నాను.

"మా పిల్లలు ఎండలో పరిగెడతా ఉంటే గుక్కెడు నీళ్ళు తాగనివ్వరు కదండీ మీరు. ఈ రోగం పిల్లాడికి కుండెడు పొయ్యమంటారేంటండీ?"

"అది ఆటండమ్మా. ఇది వేరండి," అన్నారు మాస్టారు. ఆవిడ చెయ్యి తీసింది. పిల్లాడు బతికాడు. ఇప్పుడు మస్కట్‌లో వెల్డింగు పని చేస్తున్నాడు. ఇది వేరన్న ఆ మాట మాస్టారు ఆవిడకి చెప్పారు గానీ మాకు చెప్పలేదు. మాకు ఇది మ్యాచి అని చెప్పారు.

రేవు వీధి సత్తిబాబుది. వాడు మా రైట్ వింగరు. దింపు తీయడం వాడి వృత్తి, అంటే కొబ్బరి చెట్లెక్కి కాయలు దించడం. చెట్టెక్కే కాళ్ళు కాబట్టి వాడి పరుగుకి ఎదురు లేదు. తోటల రైతులు మాస్టారి మాట మీద బొండాలు దింపుకోమంటే వాడు ఉదయమంతా చెట్లెక్కి దింపేవాడు, మధ్యాహ్నమంతా వాటిని కొట్టి రేవు వీధిలో తాగించేవాడు. పన్నెండు ఇళ్ళు వాడివి. నాలుగు రోజుల్లో వాడి ఇళ్ళలో ఒక్క ప్రాణం పోలేదు. నా దగ్గర బిందె నింపుకుంటూ ఆ లెక్క రోజూ చెప్పేవాడు, గోల్స్ చెప్పుకున్నట్టు.

అయిదో రోజు పొద్దున్న బిందె పట్టుకొచ్చినప్పుడు వాడి కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. బిందె దించి, చెంబుతో నీళ్ళు తీసుకుని, నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేశాడు. చెంబు పట్టుకున్న వేళ్ళ చివర్లు చాలాసేపు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి.

"ఏంట్రా అలా ఉన్నావ్?" అన్నాను.

"పొద్దున్నించి నాలుగు సార్లు వెళ్ళేను. మాస్టారికి చెప్పకు. బయటికి పంపేస్తారు. మళ్ళీ రానివ్వరు," అన్నాడు.

"మరి తాగొచ్చు కదరా."

"మ్యాచి అయ్యేకా తాగుతాను," అని నవ్వాడు.

నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను. మాస్టారు అప్పుడు ఇరవై అడుగుల దూరంలో డాక్టరుగారితో మాట్లాడుతున్నారు. పిలిస్తే వినపడేంత దూరం. నేను పిలవలేదు. వాడి బిందె నిండా నేనే కలిపిన ఉప్పు పంచదార నీళ్ళు పోసి, నేనే వాడి భుజానికెత్తాను.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకి వాణ్ణి కాలవ గట్టు మీంచి మోసుకొచ్చారు. బిందె మాత్రం చివరి ఇంటి అరుగు మీద ఖాళీగా బోర్లించి ఉందట. నా గోల్‌పోస్టు కిందే పడుకోబెట్టారు. డాక్టరుగారికి నరం దొరకలేదు, రెండు చేతులూ వెతికారు, కాళ్ళూ వెతికారు. కొబ్బరి తాడుకి వేలాడుతున్న సీసా నిండుగా అలాగే ఉండిపోయింది. మాస్టారు వాడి తల ఒళ్ళో పెట్టుకుని చెంబు నోటికి ఆనించి, "తాగరా, తాగరా సత్తిబాబూ," అంటూనే ఉన్నారు. నీళ్ళు చెంప మీంచి జారిపోయాయి. కోనసీమలో, చుట్టూ బొండాలు గుట్టలుగా పడి ఉండగా, మా వాడు ఒంట్లో నీళ్ళు లేక పోయాడు.

ఇంకో వారానికి ఊరు కుదుటపడింది. పక్క ఊళ్ళతో పోలిస్తే మా ఊళ్ళో పోయినవాళ్ళు తక్కువనీ, అది క్లబ్బు పుణ్యమేననీ డాక్టరుగారు పంచాయతీ ఆఫీసు దగ్గర అందరి ముందూ చెప్పారు. మాస్టారు తల దించుకుని విన్నారు. మ్యాచి అయిపోయిందని విజిలు వేస్తానన్నారు కదా, అది వెయ్యలేదు.

"నా నోటితో నేనే చంపుకున్నాన్రా వాణ్ణి," అని ఒక్కసారే అన్నారు, పాకలు విప్పుతున్నప్పుడు. నేను పక్కనే ఉన్నాను. తప్పు ఆయన ఒక్కరిదే కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ తరువాత ఆయన ఆటలో విజిలుకి పని మారిపోయింది. ఫౌలైనా, గోలైనా చప్పట్లు కొట్టేవారు. విజిలు మాత్రం నీళ్ళకే. ఆట ఎంత రసపట్టులో ఉన్నా పావుగంటకొకసారి విజిలు వేసి, గీత పక్కన ఉన్న కుండ దగ్గరికి అందరినీ పిలిచేవారు. ఎదుటి జట్టు వాళ్ళని కూడా పిలిచేవారు. వెనకటిలాగే గొంతుల వంక చూసేవారు, కదలనివాణ్ణి వదిలేవారు కాదు. అమలాపురంలో ఒక టోర్నమెంటులో రిఫరీ ఈ నీళ్ళ విరామాలు కుదరవన్నాడు. "ఆయ్, అలాగేనండి," అని మర్యాదగా ఒప్పుకుని, మమ్మల్ని వెంటబెట్టుకుని బస్సెక్కించేశారు. దారంతా మేం సణుక్కున్నాం. పిచ్చి మాస్టారు అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎందుకలా చేస్తున్నారో మిగతావాళ్ళకంటే బాగా తెలిసీ అన్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

రిటైరయ్యాక ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు కాకినాడ వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవారు. రోజు మొత్తానికి ఇన్ని నీళ్ళేనని డాక్టర్లు కొలత పెట్టారు. మొన్న వేసవిలో చూడ్డానికి వెళితే వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. పక్కన చెంబు, ఇత్తడి పళ్ళెం. చెంబు ఎత్తి నోట్లో కాసిని నీళ్ళు పోసుకున్నారు, పుక్కిలించారు, పళ్ళెంలో ఉమ్మేశారు. "చూసేవట్రా, మీకు నేర్పిందే చివరికి నాకు పనికొచ్చింది," అన్నారు. అత్తయ్యగారు మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన ఎక్కువ కాలం ఉండరని తెలిసే వెళ్ళాను నేను. బరువు దించుకోవాలనుకున్నాను. కుర్చీ దగ్గర కింద కూర్చుని మొత్తం చెప్పేశాను. సత్తిబాబు బిందె కోసం రావడం, పుక్కిలించడం, చెప్పొద్దనడం, నేను చెప్పకపోవడం.

మాస్టారు చెంబు, పళ్ళెం పక్కకి జరిపారు.

"ఎందుకు చెప్పొద్దన్నాడు?" అని అడిగారు.

"మీరు బయటికి పంపేస్తారని అండి."

"అంటే నాకు భయపడే."

"ఆయ్," అన్నాను. అబద్ధం చెబుదామనుకున్నాను గానీ అదే వచ్చేసింది.

"మరి నువ్వు?"

"నాకూ భయమేనండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. మీరు ఒక్కరే కారు, నేనూ ఉన్నానని చెప్పి ఆయన గుండె తేలిక చేద్దామనుకున్నాను. తిరిగి తిరిగి ఆ తప్పు ఆయన దగ్గరికే వెళ్ళింది. దించుకుందామనుకున్న బరువు కూడా ఆయన మీదే దించాను.

అత్తయ్యగారు కూజా, గ్లాసు తెచ్చి నాకు మంచినీళ్ళు పోశారు. ఆయన ఎదురుగా తాగడానికి చెయ్యి రాలేదు. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను. మాస్టారు కళ్ళు తెరిచారు.

"తాగండి గోలీ గారూ," అన్నారు.

తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయన నా గొంతు వంకే చూశారు. తరువాత అత్తయ్యగారి వైపు తిరిగి, నాకు ఇంకో గ్లాసు పొయ్యమని చేత్తో సైగ చేశారు.