డెగూ చుట్టుకొలత

టేపాయన ఎవరిని చూసినా ముందు కొలతను చూస్తాడు. మనిషిని ఆ తరువాత చూస్తాడు.

ఆయన వృత్తి శవపేటికలు చేయడం. పెద్దాసుపత్రి వెనక సందులో ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. మెడలో ఎప్పుడూ పసుపు టేపు వేలాడుతుంటుంది. దానితో చెక్క పలకను కొలుస్తాడు, తలుపును కొలుస్తాడు, బ్రెడ్డును కొలిచి పొట్టిగా ఉంటే బేకరీవాడితో పోట్లాడతాడు. మనుషుల మీద మాత్రం టేపు పెట్టడు. మనుషులకు ఆయన కన్ను చాలు. ఎదురుగా ఉన్నవాణ్ణి పాదాల దగ్గర మొదలుపెట్టి తల వరకు ఒకసారి చూస్తాడు. ఈ భుజం నుంచి ఆ భుజం వరకు ఒకసారి చూస్తాడు. ఇంటికి వచ్చి నల్లట్ట పుస్తకంలో రాసుకుంటాడు.

ఆ చూపు వీధిలో అందరికీ తెలుసు. ఆయన కనిపిస్తే పోస్టుమాన్ సైకిలు దిగి, ఊడని గొలుసును సరిచేస్తూ వంగిపోతాడు. మంగలి తన కుర్చీలో తానే కూర్చుని మాట్లాడతాడు. బ్యాంకు మేనేజరు ఒకడు భారీ మనిషి. ఒకరోజు ధైర్యం చేసి అడిగాడు.

"ఏమయ్యా, నా కొలత కూడా రాశావా?"

"రాశానండి."

"ఎంతేమిటి?"

"పోయినేటి కంటే వెడల్పు రెండంగుళాలు ఎక్కువండి. మెట్లెక్కి దిగుతూ ఉండండి. నా దగ్గర అంత పలక లేదు."

మేనేజరు ఆ రోజు నుంచి లిఫ్టు ముఖం చూడలేదు. నాలుగు నెలలకు అంగుళమున్నర తగ్గాడు. టేపాయన పుస్తకం తీసి, పాత అంకె కొట్టేసి, కొత్తది వేశాడు.

దీనంతటికీ తల కొట్టేసినట్టయ్యేది ఆయన భార్యకు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలోనే మొదలు.

"ఏమండీ, కళ్ళు దించండి."

"దించాను."

"పాదాల మీదికి కాదు. అక్కణ్ణుంచే కదా మొదలుపెడతారు."

ముప్పయ్యొక్క ఏళ్ళు అలాగే గడిచాయి. ఆయన ఆమెతో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఏదైనా చెప్పాల్సి వస్తే ముందు "కూర్చో, చెప్తాను" అనేవాడు. కూరలో ఉప్పు లేదని చెప్పడానికీ అంతే. ఆమె కూర్చున్నాక, "ఉప్పు లేదు" అనేవాడు.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక ఆమె కడుపులో గడ్డ ఉందని పెద్దాసుపత్రిలో చెప్పారు. నిమ్మకాయంత. ఎలాంటిదో కోసి చూస్తేగానీ చెప్పలేమన్నారు. ఒక తేదీ ఇచ్చారు. ఆమె వెళ్ళలేదు. ఇంకో తేదీ ఇచ్చారు. జ్వరమని కబురు పంపింది. మూడో తేదీ ఆరు వారాల తరువాత. అదీ దాటితే ఇక మా చేతుల్లో లేదన్నారు.

ఆమెకు కత్తి అంటే భయం లేదు. ఆమె భయం ఆయన కళ్ళ గురించి. గడ్డ మాట విన్న రోజు నుంచీ, ఆమె లేచి నిలబడితే చాలు, ఆయన కిటికీ వైపు తిరుగుతున్నాడు. అంతకు ముందు కూడా తిరిగేవాడేమో, ఆమెకు జ్ఞాపకం లేదు. ఇప్పుడు మాత్రం కనిపిస్తోంది. కొలత అయిపోయినట్టుంది, అనుకుంది. అయిపోయినదాన్ని మళ్ళీ ఎందుకు చూస్తాడు? పెట్టె సిద్ధమైన మనిషిని కోయడం ఎందుకు, కుట్టడం ఎందుకు?

ఒక సోమవారం ఆయన తీగల పంజరం ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల ఏదో కదిలింది. ఎలుక కంటే పెద్దది, ఉడుత కంటే గుండ్రనిది. తోక చివర నల్లటి కుచ్చు. గుండీల్లాంటి కళ్ళు.

"ఎలుకను కొనుక్కొచ్చారా?"

"ఎలుక కాదు, డెగూ. మగది. తోక పట్టుకోకు, తోలు ఊడి వస్తుందట. తీపి పెట్టకు, షుగరు వస్తుందట. ఎండుగడ్డి తింటుంది. ఇసుకలో స్నానం చేస్తుంది."

"మనకెందుకండీ ఇది?"

"కూర్చో, చెప్తాను."

ఆమె కూర్చుంది.

"ఎనిమిదేళ్ళు బతుకుతుందట," అన్నాడాయన. "ఎవరో ఒకరు చూసుకోవాలి. నాకు తీరిక లేదు."

"నాకు ఎనిమిది వారాలకు కూడా ఎవరూ పూచీ ఇవ్వలేదు."

"నీ సంగతి నాకు తెలియదు. నేను డెగూ సంగతి చెప్తున్నాను."

ఆమె కసురుకుంటూనే గడ్డి వేసింది. రెండో రోజు పళ్ళెంలో ఇసుక పోసింది. నాలుగో రోజుకు అది ఆమె అడుగుల చప్పుడు గుర్తుపట్టి, వెనక కాళ్ళ మీద లేచి, కిచకిచమని పిలవడం నేర్చుకుంది. ఆ ఇంట్లో ఆమె నిలబడగానే ముఖం తిప్పుకోని ప్రాణి అదొక్కటే.

టేపాయన రోజూ పొద్దున్నే దాన్ని కొలిచేవాడు. ప్రాణమున్నదాని మీద ఆయన టేపు పెట్టడం అదే మొదటిసారి.

"దీనికి కన్ను చాలదా?"

"ఇది నిలబడదు."

ఒక కాగితం మీద తేదీలు వేసి రాసేవాడు. పొడవు ఆరంగుళాలు. చుట్టుకొలత ఆరు. రెండో వారం ఆరున్నర. మూడో వారం ఏడుంపావు. ఆ రోజు టేపు చుట్టడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

"ఏమైందండీ?"

"పొడవు ఆరే ఉంది. తిండి పెరగలేదు. కడుపులో గట్టిగా తగులుతోంది." ఇంకేదో అనబోయి మింగాడు.

ఆ మింగిన మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే తన పొట్ట మీదికి పోయింది.

"దీనికి కూడానా?" అంది.

ఆయన దుకాణంలోకి వెళ్ళాడు. కాసేపటికి చిత్రిక పట్టే చప్పుడు వినిపించింది. చిన్న చప్పుడు. ఆమె వెళ్ళి చూసింది. ఆయన చేతిలో చిన్న చెక్కపెట్టె. చెప్పుల పెట్టెకు తక్కువ, సబ్బు పెట్టెకు ఎక్కువ. ఆయన దాని లోపలివైపు ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు.

"లోపలెందుకండీ అంత నునుపు? దానికి తెలుస్తుందా?"

"నాకు తెలుస్తుంది."

రెండు రోజుల్లో మూతతో సహా పని పూర్తయింది. ఆయన దాన్ని పెద్ద పెట్టెల పక్కన అరలో పెట్టాడు. వరసలో చివర పసిపిల్లలా ఉంది.

మర్నాడు ఆయన పలకల కోసం వెళ్ళినప్పుడు ఆమె సొరుగు లాగి నల్లట్ట పుస్తకం తీసింది. తన కొలత చూసుకోవాలనిపించింది. అది ఉంటే ఇక ఆసుపత్రికి వెళ్ళే పని లేదు. పోస్టుమాన్ ఉన్నాడు. మంగలి ఉన్నాడు. మేనేజరు రెండు పేజీలున్నాడు. తను లేదు. మొదటి నుంచి మళ్ళీ తిప్పింది. లేదు.

ఉతికిన దుప్పట్లు ఇవ్వడానికి లాండ్రీ ఆవిడ లోపలికి వచ్చింది. భర్త పోయాక దుకాణం ఒక్కతే నడుపుకుంటోంది. నోరు పెద్దది.

"ఏం వదినా, దొంగతనమా?"

"నా పేజీ లేదు. రాసి చింపేసినట్టున్నారు, నాకు కనబడకూడదని."

"ఏదీ, ఇలా ఇవ్వు. మొన్న ఎత్తు చెప్పులేసుకుని ఆయన ముందు నుంచి వెళ్ళాను. నన్ను పొడుగ్గా రాశాడో ఏమో." పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయింది. అది ఆవిడ భర్త పేజీ. కొలతల మీద సన్నటి అడ్డగీత, కింద తేదీ.

ఆవిడ ఆ తేదీ మీద వేలు పెట్టింది.

"మా బావ పోయినప్పుడు పెట్టె చేసేవాడు ఇంట్లోకి వచ్చాడు వదినా. అందరూ చూస్తుండగా బావ కాళ్ళు తిన్నగా చాపి, 'ఈ కొస పట్టుకోమ్మా' అని టేపు మా అక్క చేతికే ఇచ్చాడు. అక్క ఇప్పటికీ టేపు కంటబడితే వణికిపోతుంది. మా ఆయన పోయినప్పుడు అన్నయ్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఒక్క మాట అడగలేదు. వెళ్ళిపోయాడు. సాయంత్రానికి పెట్టె వచ్చింది. సరిగ్గా సరిపోయింది." ముక్కు ఎగబీల్చింది. "అప్పుడర్థమైంది ఈ చూపెందుకో."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"కూర్చోమని ఉంటాడు. నువ్వే కూర్చోలేదేమో."

ఇద్దరూ నవ్వారు. కానీ ఆవిడ వెళ్ళాక టేపాయన భార్యకు భయం తగ్గలేదు, పెరిగింది. మంచి కోసం తీసిన కొలత కూడా కొలతే. అది ఇంతవరకు తప్పలేదు. డెగూ పెట్టె అరలో ఉంది. తన పేజీ ఎక్కడో మడతపెట్టి ఉంది.

ఆయన తిరిగి వచ్చేసరికి ఆమె పంజరం చేత్తో పట్టుకుని గుమ్మంలో ఉంది.

"ఎక్కడికి?"

"పశువుల డాక్టరు దగ్గరికి."

"వెళ్ళి ఏం చేస్తావ్? చెప్పేదేముంది?"

"మీరు చెప్పనిది ఏదైనా ఉంటే చెప్తారు."

తన కోసమైతే రెండు తేదీలు ఎగ్గొట్టిన మనిషి ఎలుకలాంటిదాని కోసం వీధి దాటి పోతోంది. ఆయన కొలతల కాగితం జేబులో పెట్టుకుని వెనకే నడిచాడు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. గడ్డ సంగతి విని, డెగూను రెండు చేతుల్లోకి తీసుకుని, పొట్ట కింద వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుంది.

"గడ్డ అని ఎవరన్నారు?"

"ఈయనే," అంది ఆమె.

టేపాయన కాగితం ఇచ్చాడు. డాక్టరు పై నుంచి కింది వరకు చదివింది. "ఎంత చక్కగా రాశారు పెద్దాయనా! నా దగ్గరికి ఎవరూ ఇలా రాసుకురారు. కాకపోతే ఇది మగది కాదు. లోపలున్నవి గడ్డలు కావు, పిల్లలు. నాకు అయిదు తగులుతున్నాయి."

"మగదన్నాడు, దీన్ని అమ్మిన దుకాణంవాడు."

"అన్నిటినీ ఒకే గూట్లో పెట్టి ఉంటాడు. ఏది మగదో వాడికి తెలియకపోయినా వాటికి తెలుసు కదా."

టేపాయన టేపును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "అయితే నేను తప్పు కొలిచానా అమ్మా?"

"కొలత సరిగ్గానే ఉంది. మీరే దాన్ని చావనుకున్నారు."

దారిలో ఆయన భార్యకు నవ్వు వచ్చింది. మొదట చిన్నగా, తరువాత ఆగకుండా. కడుపులో నొప్పి పుట్టి, పంజరం కింద పెట్టి, గోడకు ఆనుకుంది.

"ఏమండీ, మీ టేపు తప్పింది."

"చుట్టుకొలత సరిగ్గానే ఉందంది కదా."

"తప్పింది."

"సరే, తప్పింది."

"ఇంకోసారి అనండి."

"తప్పింది."

ఇల్లు చేరేలోపు ఆ మాట ఆయన చేత ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. ఇప్పటికీ, ఇంటికి ఎవరైనా వస్తే, వాళ్ళ ముందు మళ్ళీ అనిపిస్తుంది. ఆయన అంటాడు.

మూడో తేదీకి మూడు రోజుల ముందు, పొద్దున్నే, డెగూ ఈనింది. అయిదు. ఒంటి నిండా బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుట్టాయి. మధ్యాహ్నానికల్లా పంజరమంతా దొర్లుతున్నాయి. వెచ్చటి గూడు కావాలని డాక్టరు ముందే చెప్పింది. ఆమె అరలోంచి చిన్న పెట్టె దించి, మూత పొయ్యి పక్కన పడేసి, గడ్డి నింపి పంజరంలో పెట్టింది. తల్లి ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని అందులోకి చేర్చింది.

"నునుపు చేయడం మంచిదైంది," అన్నాడాయన. చెయ్యి టేపు మీదికి పోయింది.

"ముట్టుకున్నారంటే చూడండి! వీటిని కొలవడానికి వీల్లేదు."

ఆయన చెయ్యి దించేశాడు.

ఆమె పిల్లల వైపే చూస్తూ అంది. "గురువారం వెళ్దాం."

"వీటినెవరు చూస్తారు?"

"లాండ్రీ ఆవిడతో చెప్పాను. తీపి పెట్టొద్దనీ చెప్పాను. తోక సంగతీ చెప్పాను."

గురువారం ఆసుపత్రిలో నర్సు కాగితాలు నింపుతోంది. ఆమె బెంచీ మీద కూర్చుంది, పక్కన టేపాయన. పేరు, వయసు, బరువు అయ్యాయి.

"ఎత్తెంతమ్మా?"

"నాకేం తెలుసు? ఈయన్నడుగు తల్లీ. మా వీధిలో ఎవరి ఎత్తయినా అంగుళం పొల్లుపోకుండా చెప్తారు." ఆ మాట అనేశాక ఆమె ఆయన జేబు వైపు చూసింది. మడతపెట్టిన పేజీ ఇప్పుడు బయటికొస్తుంది, అనుకుంది.

నర్సు ఆయన వైపు తిరిగింది. "చెప్పండి."

ఆయన నర్సును పాదాల నుంచి తల వరకు చూశాడు. "అయిదడుగుల నాలుగు."

"నాది కాదండీ! ఆవిడది."

ఆయన నేల వైపు చూశాడు.

"తెలియదు."

"పెళ్ళై ఎన్నేళ్ళయింది?"

"ముప్పయ్యొకటి."

"భార్య ఎత్తు తెలియదా?"

"నేను చూసేటప్పుడు కూర్చుని ఉంటుంది," అన్నాడు టేపాయన. "నిలబడితే నేను చూడను."

ఆమెకు గుర్తొచ్చింది. 'కూర్చో, చెప్తాను.' కూరలో ఉప్పు లేదని చెప్పడానికి కూడా. ముప్పయ్యొక్క ఏళ్ళు.

నర్సు ఆమెను లేపి, గోడ మీది గీతల ముందు నిలబెట్టింది. టేపాయన లేచి కిటికీ దగ్గరికి పోయాడు. వీపు తిప్పి, రెండు చూపుడు వేళ్ళూ చెవుల్లో దోపుకున్నాడు. నర్సు అంకె పైకి చదివి రాసుకుంది.

ఆమె వెళ్ళి ఆయన చెవిలోంచి ఒక వేలు తీసింది.

"వినలేదుగా?"

"ఏమిటది?"

"ఏం లేదు. మీరు కూర్చోండి. వచ్చి చెప్తాను."

ఆయన కూర్చున్నాడు. ఆమె నర్సు వెంట తలుపు వైపు నడిచింది. ఆయన చూపు ఆమె పాదాల దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.