రెండో వరుస చివరి క్లారినెట్

లైబ్రరీ మేడంకి పాట వినిపించదు. చెవుడు కాదు. రీడింగు రూములో చివరి బల్ల దగ్గర ఎవడైనా పుస్తకంలోంచి పేజీ చింపితే, తలెత్తకుండానే వాడెవడో చెప్పి నాలుగు చివాట్లు పెట్టగలదు. అంత పదునైన చెవులు. కానీ నాలుగు స్వరాలు వరసగా వచ్చాయంటే మాత్రం ఆవిడకు అది గిన్నెలు కడుగుతున్న చప్పుడే. మాటలుంటే ఇది ఫలానా పాట అని గుర్తుపడుతుంది. మాటలు తీసేస్తే అన్నీ ఒకటే గోల.

ఈ సంగతి తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కడే, ఆవిడ మొగుడు. ఆయనగారు స్నానాల గదిలో ఏళ్ల తరబడి ఒకే పాట పాడుతున్నాడు. "ఇవాళ కొత్త పాటేదో అందుకున్నట్టున్నారే!" అని ఆవిడ మెచ్చుకున్న రోజున ఆయన తువ్వాలు కట్టుకుని బయటికొచ్చి, తలుపు దగ్గరే నిలబడి కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. అప్పట్నుంచీ పెళ్లాన్ని ఏడిపించడానికి ఆయనకు ఇంకో ఆయుధం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

అలాంటి మనిషి బడి బ్యాండు కచేరీకి ఏటా ప్రోగ్రాం కాగితం రాస్తుంది. ఏ పాట తర్వాత ఏ పాట, ఒక్కో పాటలో ఏం వినాలి, ఎక్కడ చెవి పెట్టాలి, అన్నీ ఆవిడే చెబుతుంది. చోద్యం కాకపోతే ఏంటి?

అంతకుముందు ఆ పని చేసే సైన్సు మాస్టారు బదిలీ అయి వెళ్లిపోయాడు. హెడ్మిస్ట్రెస్ నేరుగా లైబ్రరీకి వచ్చి, "పుస్తకాల మధ్య కూర్చునేవారు మీరు. మీరు కాకపోతే ఇంకెవరు రాస్తారండీ?" అంది. నాకు సంగీతం తెలీదండీ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనబోయింది కూడా. కానీ చిన్నప్పుడు బడిలో పాటల టీచరు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వరుస వెనక్కి నెట్టి, "నువ్వు పెదాలు కదుపు చాలు, గొంతు తియ్యకు" అని అందరూ వినేలా చెప్పింది. పక్కనున్న పిల్లలు కిసుక్కుమన్నారు. ఇంత వయసొచ్చి, ఇంత ఉద్యోగం చేస్తూ, మళ్లీ ఇంకొకరి ముందు ఆ పెదాలు కదిపే పిల్లలా నిలబడటానికి ఆవిడకు ప్రాణం ఒప్పలేదు. "సరేనండీ" అనేసింది.

ఆ ఏడు ప్రాక్టీసుకి వెళ్లి ముందు వరుసలో బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. చెవులు పనికి రావు కాబట్టి కళ్లు విప్పి చూసింది. పై స్వరం దగ్గరికి వచ్చేసరికి ట్రంపెట్ పట్టుకున్న కుర్రాడి చెవులు ఎర్రబడటం చూసి, "ఇక్కడ ట్రంపెట్టుకు గుండె ధైర్యం కావాలి" అని రాసింది. డ్రమ్ము వాయించేవాడు పుల్లలు ఎత్తి ఊపిరి బిగబట్టడం చూసి, "ఈ నిశ్శబ్దాన్ని కూడా వినండి" అని రాసింది. బ్యాండు మాస్టార్ని "ఈ పాట మీకెలా అనిపిస్తుందండీ?" అని అమాయకంగా అడిగి, ఆయన అన్నదాన్నే కాస్త తిరగేసి రాసింది. కచేరీ అయ్యాక జనం చుట్టూ మూగి ఆకాశానికెత్తేశారు. "ఏం చెవులండీ మీవి! మేం వినేదాంట్లో సగం మీరు చెబితే గానీ వినిపించదు" అన్నారు. ఆవిడ సిగ్గుపడింది. ఆ సిగ్గులో నిజమైన సిగ్గు ఎంతో చూసుకోలేదు. ఆ తర్వాతి ఏడు సంతోషంగానే రాసింది. ఆ తర్వాత గర్వంగా రాసింది. రాసింది ఎవరికీ చూపించకుండా తిన్నగా ప్రెస్సుకి పంపడం కూడా మొదలైంది. బ్యాండు మాస్టారు ఎలాగూ కచేరీకి ముందు చదవడు.

ఈ ఏడు ఆవిడ కళ్లు రెండో వరుస చివరన ఉన్న పిల్ల మీద పడ్డాయి. ఆ పిల్ల బ్యాండుకి ఎర్ర కోట్లు కుట్టే టైలరు కూతురు. నోట్లో నాలుక లేని పిల్ల. క్లారినెట్ నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఒళ్లంతా పాటతో పాటు మెల్లగా ఊగుతూ ఉంది. వేళ్లు ఎంత నెమ్మదిగా, ఎంత శ్రద్ధగా కదులుతున్నాయో! మేడం కలం ఆగలేదు. "మూడో పాట మధ్యలో క్లారినెట్లు తప్ప మిగతా వాయిద్యాలన్నీ తగ్గుతాయి. అప్పుడు రెండో వరుస చివరి క్లారినెట్ వినండి. ఎవరినీ మించాలని చూడకుండా, పాటను లోపలి నుంచి మోసే గొంతు అది. ఈ సాయంత్రం మొత్తంలో దీన్ని మాత్రం పోనివ్వకండి" అని రాసింది. రాసి, తనే మళ్లీ చదువుకుని, ఎంత బాగా రాశానో అనుకుంది.

కాగితాలు అచ్చయి ఊళ్లోకి వెళ్లాయి. టైలరు కొట్టుకి జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ, "ఇది మీ అమ్మాయి గురించేగా?" అని కాగితం తీసి చూపించింది. ఆయన కత్తెర కిందపెట్టి, చేతులు పంచెకి తుడుచుకుని, అప్పుడు పట్టుకున్నాడు దాన్ని.

కచేరీ రోజు మధ్యాహ్నం ఆ పిల్ల ఎర్ర కోటు వేసుకుని లైబ్రరీకి వచ్చింది. బల్లకి అవతల నిలబడింది.

"ఏమ్మా, పుస్తకం కావాలా?"

"లేదు మేడమ్. ఒకటి అడగాలి." మెడ దగ్గర బొత్తాం తిప్పుతూ నేల చూపులు చూసింది. "నన్నెందుకు ఎగతాళి చేశారు?"

"ఎగతాళా? అదేంటమ్మా, నేను మెచ్చుకుంటే!"

"నేను వాయించను కదా మేడమ్." ఆ పిల్ల బొత్తాం వదిలేసింది. "నేను ఊదితే కీచుమంటుంది. మాస్టారు ఊదొద్దన్నారు. క్లారినెట్ నోట్లో పెట్టుకుని వేళ్లు ఆడిస్తానంతే. ఎవరికీ తెలీదు, ఇంట్లో కూడా తెలీదు. మీకు తెలీకుండా ఉంటుందా? అందరూ అంటారు కదా, మీ చెవులు అలాంటివని. తెలిసే రాశారు. మా నాన్న కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చదివి వినిపిస్తున్నాడు మేడమ్. మా నానమ్మని కూడా తీసుకొస్తున్నాడు."

మేడంకి చిన్నప్పటి పాటల టీచరు గుర్తొచ్చింది. పెదాలు కదుపు చాలు, గొంతు తియ్యకు. ఆ మాట పడ్డ మనిషి తనే, ఎదురుగా అదే మాట పడ్డ పిల్లని పెట్టుకుని పోల్చుకోలేకపోయింది. పోల్చుకోకపోవడం ఒకటే అయితే బాగుండేది, ఊరంతా చదివేలా అచ్చు వేయించింది. ఇప్పుడైనా చెప్పొచ్చు. నేను వినలేదమ్మా, నాకు వినిపించదు, నీ వేళ్లు చూసి రాశాను, తప్పయిపోయింది అని చెప్పొచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మాస్టారే రాయమన్నారమ్మా" అంది.

ఎందుకన్నదో ఆవిడకే తెలీదు. అనేశాక మాత్రం తేలిగ్గా అనిపించింది. ఆ తేలికదనం తల్చుకునే తర్వాత ఎక్కువ కుమిలిపోయింది.

ఆ పిల్ల తలెత్తింది. "మాస్టారా? అంటే... ఇవాళ నన్ను ఊదమనా?"

"ఆయన మనసులో ఏముందో మరి" అని మేడం తేదీ ముద్ర చేతిలోకి తీసుకుని, ఉత్త పుణ్యానికి రెండు మూడు పుస్తకాల మీద గట్టిగా కొట్టింది. మళ్లీ తలెత్తేసరికి ఆ పిల్ల లేదు. వరండాలో పరుగు చప్పుడు వినిపించింది. అలాంటి చప్పుళ్లు ఆవిడకు బాగానే వినిపిస్తాయి.

మాస్టారికి చెప్పేద్దామని లేచి వెళ్లింది కూడా. ఆయన డ్రమ్ము పట్టీ బిగిస్తూ, చుట్టూ పిల్లలతో, చెమటతో ఉన్నాడు. "ఏంటి మేడం గారూ?" అని అడిగాడు.

"ఏం లేదండీ. అంతా బాగానే ఉంది కదా అని."

"మీరు రాశాక బాగుండక ఏమవుతుంది!" అని నవ్వాడాయన. ఆవిడ కూడా నవ్వి తిరిగొచ్చేసింది.

సాయంత్రానికి హాలు నిండింది. టైలరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పక్కన ముసలి తల్లిని కూర్చోబెట్టుకుని, ముందు నుంచి మూడో వరుసలో ఉన్నాడు. కాగితాన్ని ఆ వాక్యాలు పైకి వచ్చేలా మడిచి పట్టుకున్నాడు. మేడం గోడవార కుర్చీలో కుక్కిన పేనులా కూర్చుంది. మొదటి పాట అయింది. రెండో పాట అయింది. చప్పట్లు కొడుతుంటే తనూ కొట్టింది.

మూడో పాట మధ్యలో క్లారినెట్లు పట్టుకున్నవాళ్లు తప్ప మిగతా పిల్లలు వాయిద్యాలు దించారు. హాల్లో తలకాయలన్నీ ఒక్కసారిగా రెండో వరుస చివరికి తిరిగాయి. తిరగమని చెప్పింది తనే కదా. ఆ పిల్ల కళ్లు మూసుకుంది. బుగ్గలు నిండాయి.

ప్రాక్టీసులో ఆ బుగ్గలు ఒక్కసారి కూడా నిండలేదని మేడంకి అప్పుడు గుర్తొచ్చింది. వినడం చేతకాక కళ్లతో బతికిన మనిషి, కళ్లతో కూడా సరిగ్గా చూడలేదు.

అందరూ ఏదో విన్నారు. ఆవిడకు మాత్రం గిన్నెల చప్పుడే. ఆ పిల్ల పక్కనున్న కుర్రాడు ఉలిక్కిపడటం చూసింది. మాస్టారి చెయ్యి గాల్లో ఆగి, మళ్లీ కదలడం చూసింది. ముందు వరుసలో ఎవరో రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది దగ్గో నవ్వో తెలీలేదు. టైలరు తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది. హెడ్మిస్ట్రెస్ మొహం మీద నవ్వు ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది. ఎవరి మొహం చూసినా ఒక్కో జవాబు. నేల చీలి తనను మింగేస్తే బాగుండునని ఆవిడ నిజంగానే కోరుకుంది.

కచేరీ అయ్యాక పిల్లలు కోట్లు విప్పి సైన్సు ల్యాబులో బల్లల మీద పెడుతున్నారు. మేడం వెళ్లేసరికి గది దాదాపు ఖాళీ అయింది. మాస్టారు ఆ పిల్లని కిటికీ దగ్గరికి పిలిచి నిలబెట్టాడు. ఆయన మంచివాడు, గొంతు పెంచలేదు.

"ఎవరు ఊదమన్నారమ్మా నిన్ను?"

"మీరే కదా మాస్టారూ. కాగితంలో నా గురించి రాయమంది మీరేనట. మేడమ్ చెప్పారు."

మాస్టారు తలతిప్పి మేడం వైపు చూశాడు. అదే సమయానికి గుమ్మంలోంచి టైలరు లోపలికి వచ్చాడు, కోట్లు సర్దుకుపోవడానికి పెద్ద సంచీతో.

"అదేంటండీ, ఊదమనడం ఏంటి?" అన్నాడాయన. "రోజూ ప్రాక్టీసుకనే కదా వస్తోంది. మరి ఇన్నాళ్లూ ఏం చేసింది?"

మాస్టారు మొహం తుడుచుకున్నాడు. "పిల్లని తీసేస్తే బాధపడుతుందని... వేళ్లు ఆడించు చాలు అన్నానండీ."

టైలరు సంచీ కింద పెట్టేశాడు. కూతురి వైపు చూసి, మేడం వైపు తిరిగాడు. "మరి మీరు విన్నానని రాశారు కదండీ?"

ఇక దాక్కోడానికి చోటు లేదు. "మాస్టారు నాకేమీ చెప్పలేదండీ" అంది మేడం. "ఈ పిల్లతో అబద్ధమాడాను. నాకు పాట వినిపించదు. చిన్నప్పట్నుంచీ అంతే. ఇన్నేళ్లూ పిల్లల మొహాలూ చేతులూ చూసి రాశాను. ఈ పిల్ల వేళ్లు చూసి రాశాను. చెప్పడానికి సిగ్గేసి, ఆయన మీదకి నెట్టేశాను."

టైలరు ఆవిడ ఛలోక్తి విసిరిందేమో అన్నట్టు చిన్నగా నవ్వబోయి, ఆపేశాడు. ఎవరైనా తిడితే బాగుండునని ఆవిడకు అనిపించింది. ఎవరూ తిట్టలేదు. మాస్టారు స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"నేను కచేరీకి ముందు మీరు రాసింది చదవనండీ, చెయ్యి వణుకుతుందని," అన్నాడు మెల్లగా. "ఇంటికెళ్లి చదువుకుంటాను. అన్నీ దాచుకున్నాను. ఇంత చెవి ఉన్న మనిషికి మా బ్యాండు ఇంత బాగా వినిపించిందా అని ధైర్యం తెచ్చుకునేవాణ్ణి."

ఆవిడ తల వంచుకుని నిలబడింది.

అప్పుడా పిల్ల అడిగింది. "మరి ఇవాళ, మేడమ్? ఇవాళ నిజంగా ఊదాను కదా. ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా!" అన్నాడు టైలరు వెంటనే. ఆ పిల్ల అటు తిరగలేదు. నాన్న ఎలాగూ అలాగే అంటాడు. మేడం మొహంలోకే చూస్తోంది.

రుమాలు అడ్డం పెట్టుకున్న మనిషీ, కళ్లొత్తుకున్న ముసలామే, గాల్లో ఆగిన చెయ్యీ, అన్నీ ఆవిడకు గుర్తున్నాయి. వాటితో ఎంత చక్కటి వాక్యమైనా అల్లొచ్చు. ఒకటి కాదు, మూడు నాలుగు నోటిదాకా వచ్చేశాయి కూడా.

"తెలీదమ్మా" అంది. "నాకు తెలీదు."

ఆ పిల్ల మాస్టారి వైపు తిరిగింది. "మీరు విన్నారు కదా. మీరు చెప్పండి మాస్టారూ."

"మొదట్లో కీచుమంది" అన్నాడాయన. "మధ్యలో ఇంకోసారి కూడా." స్టూలు మీంచి లేచాడు. "మిగతాదంతా పాటలోనే ఉన్నావు. ఊదొద్దని నేను అనకుండా ఉండాల్సింది."

మేడం చూపు నేల మీదే ఉంది. ఆ పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడ ఒక్కసారి తలెత్తితే తెలిసిపోయేది. ఆ మొహంలోకి చూడటానికి ఆవిడకు మొహం చెల్లలేదు.