నోరు తెరవని వాళ్ళకు బకెట్టు

ఎదురింటి గేటుకు రంగు వేస్తున్నారు. పొద్దున్నుంచీ టర్పెంటైన్ వాసన వీధి దాటి మా అంగట్లోకి వచ్చి కూర్చుంది. పండగ పూట ఆ వాసన అందరికీ సంబరంగా ఉంటుందేమో, నాకు మాత్రం భయం. గోరంట్ల బజారులో నాతో బేరమాడి గెలిచామని చెప్పుకునే వాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళు చెప్పేదీ అబద్ధమే. అలాంటి మనిషిని ఒక వాసనకు భయపడతానంటే ఎవరు నమ్ముతారు? కానీ ఆయుధపూజ నాడు నాకు ముద్ద దిగదు. ఈ భయం నాకు మా అత్త లక్ష్మీనరసమ్మ ఇచ్చిపోయింది.

మీరు ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి. మామ పోయిన తర్వాత ఇనుప సామాన్ల అంగడిని ఆమే నడిపింది. మేకులు, మోకులు, బోరు పైపులు, తలుపులకు వేసే రంగు డబ్బాలు, అన్నిటికంటే ఎక్కువగా బకెట్లు. వానలు ఎగ్గొట్టిన ఏడాది మా ఊళ్ళో ఏది అమ్ముడుపోకపోయినా బకెట్లు అమ్ముడుపోతాయి. అంగడి రైలుపెట్టెలాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎడమవైపు గోడకు ఆమె ఎన్నడూ సున్నం వేయించలేదు. ఎందుకని నేను అడగలేదు. ఆ ఇంట్లో అడగడమంటేనే నాకు దడ.

దడకు కారణం ఆమె పెట్టిన పద్ధతి. ఆయుధపూజ నాడు తక్కెడకూ తాళాలకూ కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టాక, భోజనాలకు ముందు ఇంటిల్లిపాదినీ గల్లాపెట్టె ముందు నిలబెట్టేది. ఒక్కొక్కరినీ పిలిచి "నీకేం కావల్ల?" అని అడిగేది. ఒకే వస్తువు. ఎవరిది వాళ్ళే, వాళ్ళ నోటితోనే, అందరి ముందరే చెప్పాలి. మొగుడి కోసం పెళ్ళాం అడగకూడదు, పెళ్ళాం కోసం మొగుడు అడగకూడదు. సిగ్గుపడి "మీ ఇష్టం" అన్నవాళ్ళకు అంగట్లోంచి ఒక ప్లాస్టిక్ బకెట్టు తీసి ఇచ్చేది. నేను కాపురానికి వచ్చేటప్పటికే మా తోడికోడలు సుశీలక్క దగ్గర బకెట్లు ఒకదాంట్లో ఒకటి దొంతరగా ఉండేవి.

నాకేం కావాలో నాకు బాగా తెలుసు. రంగులు. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒక స్నేహితురాలు సగం వాడి వదిలేసిన నూనెరంగుల ట్యూబులతో నాకు ఆ పిచ్చి పట్టింది. చెట్టూ చేమా లేని మన గుట్టలు సాయంత్రం పూట ఎన్ని రకాల ఎరుపులు మారతాయో గీయబోతే తెలిసింది. ఆ ట్యూబులను పెళ్ళిపెట్టెలో చీరల కింద పెట్టి తెచ్చుకున్నాను. రేకుల కప్పు కింద రెండు ఎండాకాలాలకు అవి గట్టిపడటం మొదలుపెట్టాయి. నొక్కితే చివర పగిలేవి. వాటితో పాటు నా చెయ్యి కూడా అలాగే బిగుసుకుపోతుందని భయంగా ఉండేది. అడిగితే వస్తాయి. కానీ అడగడమే నాకు రాదు.

ఎందుకు రాదంటే నేను పామిడిలో గుడ్డలంగడి బిడ్డను. మా నాయన టోకు సరుకు కొనడానికి పోయినప్పుడల్లా నన్ను వెంట తీసుకుపోయేవాడు. "గుడ్డ నచ్చిందనుకో, పక్క గుడ్డ మీద చెయ్యి పెట్టల్ల. కావల్లని మొగంలో కనపడితే ధర పెరిగినట్టే పాపా," అని నేర్పించాడు. బాగా నేర్చుకున్నాను. నేర్చుకోకముందు ఒక్కసారి మాత్రం, ఉగాదికి కొత్తగుడ్డలు వద్దు, రంగులపెట్టె కొనివ్వమని మొహమంతా వెలిగించుకుని అడిగాను. నాయన కొట్టలేదు, తిట్టలేదు. అంగట్లో కూర్చున్నవాళ్ళకు చెప్పాడు: "ఇనండప్పా, గుడ్డలంగడోని బిడ్డకి పండక్కి గుడ్డలొద్దంట." నేను వేసుకునే పట్టుపావడానే మా అంగడికి బోర్డు. బోర్డే నాకు గుడ్డలొద్దంటే ఎట్లా? ఆ మాట చెప్పి వచ్చిపోయే వాళ్ళందరినీ నెలల తరబడి నవ్వించాడు. ఆయన మనసులో ఏ చెడూ లేదు. కానీ ఆ తర్వాత నాకేం కావాలో ఎవరి ముందూ నా మొహంలో కనపడనివ్వలేదు.

మొదటి దసరాకు అత్త "నీకేం కావల్ల వనజా?" అంది. "మీ ఇష్టం అత్తా," అన్నాను. నీలం బకెట్టు వచ్చింది.

రెండో ఏడాదికి నాలోని బేరగత్తె నిద్ర లేచింది. పెద్దది అడిగి చిన్నదానికి దిగడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. కుట్టుమిషను అడుగుతాను. ఈ కరువులో మిషనేమిటని అత్త అంటుంది. నేనొక నిట్టూర్పు విడిచి, పోనీలే అత్తా, రంగుల పెట్టె ఇప్పించు చాలు, అంటాను. వారం రోజులు ఆ నిట్టూర్పును బావి దగ్గర సాధన చేశాను.

"నాకు కుట్టుమిషను కావల్లత్తా."

అత్త నా మొహంలోకి చూసింది. కొంగుతో పెదవులు తుడుచుకుంది.

"సరే. శ్రీధరా, రేపు హిందూపురం పోయి మంచి మిషను తీసకరా," అంది మా ఆయనతో.

సాధన చేసిన నిట్టూర్పు నాలోనే మిగిలిపోయింది. మొదటి ధరకే ఒప్పుకునే మనిషిని నేను పుట్టిన తర్వాత చూడలేదు. నాయన చెప్పిన పాఠాల్లో అది లేనే లేదు. మిషను వచ్చింది. దానితో పాటు ఇంట్లో ఉన్న దిండు గలీబులు, లంగాల అంచులు, చివరికి అంగడి ముందు కట్టే ఎండపట్టా కూడా నా దగ్గరికే వచ్చాయి. సూది విరిగి నేను తల పట్టుకుంటే సుశీలక్క, "అడిగి తెప్పించుకుంటివి కదమ్మే, కుట్టు," అనేది.

మూడో దసరా దగ్గరపడే వేళకు ట్యూబుల్లో తెలుపు ఒక్కటే మెత్తగా మిగిలింది. ఈసారి అడగకపోతే ఇంక ఎప్పటికీ అడగలేనని తెలిసిపోయింది. పది రోజుల ముందు నుంచే తిండి సరిగ్గా తినలేదు. శ్రీధర్ నన్ను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించి, "ఏమైందో నాకన్నా చెప్పు," అని అడిగేవాడు. "పూజ పొద్దు మీ అమ్మకే చెప్తా," అనేదాన్ని. మేం గుసగుసలాడుకోవడం ఇంట్లో వాళ్ళు చూశారు. సుశీలక్క నాతో మాటలు తగ్గించింది. ఆమె మొగుడు, మా బావ, నేను ఎదురైతే పక్కకు తిరిగేవాడు. అత్త మాత్రం నేను ఏ మూలనున్నా నా వైపే చూసేది. నా రంగుల సంగతి తెలిసిపోయి అందరూ కోపంగా ఉన్నారనుకున్నాను.

ఆయుధపూజ అయింది. అప్పుడే మూత తీసిన టర్పెంటైన్ డబ్బా ఒకటి గల్లా పక్కనే ఉంది. ఆ వాసనకు నా తల తిరిగింది.

"నీకేం కావల్ల వనజా?"

"అత్తా, నాకు... నాకు..."

అత్త రెండు చేతులతో గల్లాపెట్టె అంచును పట్టుకుంది. "చెప్పు. ఏమన్నా కానీ, నా ఎదురుగానే చెప్పు," అంది.

"నాకు రంగులు కావల్ల."

"రంగులా?" అత్త చుట్టూ చూసింది. "అంగడి నిండా అవే కదమ్మా. ఏ డబ్బా?"

"తలుపులకేసేవి కాదత్తా. బొమ్మలు గీసుకునేవి. ట్యూబుల్లో ఉంటాయి. అనంతపురంలో దొరుకుతాయి."

"ఇంగ?"

"ఇంగేం లేదు."

"వాటి ఎనకాల ఏముండాది?"

"ఏమీ లేదత్తా. ఉత్త రంగులే."

"మరి పోయినేడు మిషను అడిగితివే?"

"అదీ రంగుల కోసరమే అడిగినా. నువ్వు బేరం చేస్తావనుకున్యా."

బావ పక్కున నవ్వాడు. ఆయన వెనక ఇంకెవరో నవ్వారు. పామిడి అంగడి నా చెవుల్లోకి తిరిగి వచ్చింది. కళ్ళు మూసుకున్నాను.

"ఎవురా ఆడ నవ్వేది?" అంది అత్త. "ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది. నవ్వినోనికి ఈ ఏడు బకెట్టు."

ఆమె లేచి అంగడి వెనకున్న వంటింట్లోకి పోయింది. నేను వెనకాలే పోయాను. "అన్నం పెట్టు," అంది పీట మీద కూర్చుంటూ.

"ఒక్కపొద్దు కదత్తా?" అన్నాను. ఆయుధపూజ నాడు ఆమె అమ్మవారి పేరున ఒక్కపొద్దు ఉంటుందని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు.

"ఒక్కపొద్దా నా తలకాయా. అందరూ అడిగేదాకా భయానికి అన్నం దిగదు," అంది. సంగటి ముద్ద తుంచుకుని, నా మొహం చూడకుండా చెప్పింది. "మీరిద్దరూ పెరట్లో గుసగుసలాడతాంటే వేరుపోతామని అడుగుతారనుకున్యా. పోయినేడు మిషను అడిగినప్పుడూ అంతే. దీని ఎనకాల ఇంగేదో ఉండాది, ఇదన్నా ఇచ్చేస్తే గమ్మునుంటుందేమో అని ఎంటనే ఒప్పుకుంటి."

అప్పుడు ఆ సున్నం లేని గోడ సంగతి తెలిసింది. మా మామకు ఒక తమ్ముడుండేవాడు. అంగడి అప్పుడు ఇప్పటికి రెండింతలు. ఒక దసరాకు మామ తమ్ముణ్ణి సరదాగా "నీకేం కావల్లరా?" అని అడిగితే, "నా సగం," అన్నాడట. కార్తీకం దాటకముందే అంగడి మధ్యలో గోడ లేచింది. ఆ పక్కనుంచి సిమెంటు మోసే గమేళాల చప్పుడు వింటూ అత్త ఈ పక్క గల్లాలో కూర్చుందట. మామ మళ్ళీ తమ్ముడితో మాట్లాడకుండానే పోయాడు.

"అంత భయమైతే ఎందుకత్తా ప్రతి ఏడూ అడిగేది? మానేయొచ్చు కదా."

"మానేస్తే?" అంది అత్త. "వాడు ఎన్నేండ్లు కడుపులో పెట్టుకున్నాడో ఎవురికి తెలుసు? ముందే అడిగింటే చిన్నదేదో అడిగేటోడేమో. అడిగితే నా ఎదురుగా అంటారు. అడక్కపోతే నా ఎనకాల గోడ లేస్తాది." ఇంకో ముద్ద పెట్టుకుని, "నువ్వు శానా భయపెట్టినావు వనజా," అంది.

నేను భయపడే మనిషినే గానీ భయపెట్టే మనిషిని కూడా కాగలనని అప్పటిదాకా నాకు తోచలేదు. మూడేళ్ళుగా గల్లాపెట్టెకు అటూ ఇటూ ఇద్దరం, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, ఒకరి ధర ఒకరు పట్టుకోలేక వణుకుతూ నిలబడ్డాం.

మర్నాడు కాక ఆ మర్నాడు బస్సులో అనంతపురం తీసుకుపోయింది. రంగుల అంగట్లో ట్యూబులు వరసగా పేర్చి ఉన్నాయి. కళ్ళు వాటి మీదే ఆగిపోయాయి, చెయ్యి మాత్రం అలవాటుగా పక్కనున్న స్కెచ్‌పెన్నుల మీదికి పోయింది. మొహం మాడ్చుకుని, "ఏమంత బాగలేవే," అన్నాను. అంగడాయన ధర తగ్గించడానికి సిద్ధమవుతున్నాడు.

"ఆ పిల్లకి ఇవంటే ప్రాణమప్పా," అంది అత్త. "మూడేండ్ల నుంచీ చూస్తాండాది. ఏమేమి కావల్లో అది చెప్తాది, కట్టియ్యి. ధర నాకు చెప్పు."

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మేవాడి ముందు ఆ మాట అనొచ్చునా? బయటికి వచ్చాక, "బేరం చెడగొట్టినావత్తా," అన్నాను.

"దుడ్లు పోతే పోనీలే. ప్రాణమున్న దాని ముందర కూడా మొగం మాడ్చుకుంటే ఇంగ ఆ మొగం ఎందుకు?" అంది. బస్టాండులో జామకాయల ఆమెతో మాత్రం రూపాయి కోసం బస్సు కదిలేదాకా పోట్లాడింది.

నేను గొప్ప చిత్రకారిణిని కాలేదు. గుట్టలు గీస్తాను, అవి ఇప్పటికీ వేరుశనక్కాయల కుప్పల్లాగా వస్తాయి. మోకాళ్ళు పట్టేసి అత్త గల్లా తాళాలు నాకిచ్చిన ఏడాది, పూజయ్యాక నేనే అడిగాను. "నీకేం కావల్లత్తా?" ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదని, అడిగిన తర్వాత గుర్తుకొచ్చింది. ఆమె తడబడింది. చీర అంచు వేలికి చుట్టుకుంది. "నాకేముండాది... మీ ఇష్టం," అంది. నేను లేచి ఒక ఎర్ర బకెట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాను. అందరికంటే ఎక్కువగా ఆమే నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

మరుసటి ఏడు నేను అడగకముందే తల వంచుకుని చెప్పింది. "పూసలు. గాజు పూసలు. చిన్నప్పుడు చిలకలు అల్లేదాన్ని. మా అమ్మ పారేసింది." ఆమె అల్లిన చిలక కాకిలాగా వచ్చింది. ముక్కు ఒక పక్కకు వంగిపోయింది. ఆమె పోయి చాలా కాలమైంది, చిలక మాత్రం గల్లా తాళాల గుత్తికి వేలాడుతూనే ఉంది.

ఇప్పుడు దాన్నే వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాను. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. సుశీలక్క కొత్త కోడలు కీర్తన, వాళ్ళాయన ఈ మధ్య మిద్దె మీద గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నేను పోతే ఆపేస్తున్నారు. అదేమిటో నాకు తెలియదు. ఆ పిల్ల ఇప్పుడు గల్లాపెట్టె ముందు నిలబడి ఉంది. మొహంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేని మొహం నాకు బాగా తెలుసు.

"నీకేం కావల్ల తల్లీ?"

"మీ ఇష్టం చిన్నత్తా."

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక బకెట్టుతో ఈ ఏడు గడిచిపోతుంది. వంటింట్లో అన్నం వేడిగా ఉంది. మా అత్త అయితే బకెట్టు ఇచ్చి తర్వాతి వాళ్ళను పిలిచేది. నేను బకెట్ల వైపు చూశాను, వాటి వెనక సున్నం లేని గోడ వైపు చూశాను.

"బకెట్టు యాడికీ పోదులే," అన్నాను. "ఇంగోసారి అడుగుతాండా. నీకేం కావల్ల?"

అడిగి, గల్లాపెట్టె అంచును రెండు చేతులతో పట్టుకున్నాను.